తమ్ముడి తలమీద పోసిన నీళ్ళు

కొత్త పుస్తకం విప్పగానే ముందు జిగురు వాసన, దాని వెనకే సిరా వాసన వస్తాయి. ఆ వాసన నాకు పరిచయమయింది యాభై దాటాక, మా పేటలో పెద్దవాళ్ళకి సాయంత్రం బడి పెట్టినప్పుడు. చిన్ననాడే పలక పట్టినవాళ్ళకి అది పట్టింపు లేని వాసన కావచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ కొత్త చీర మడత విప్పినట్టే ఉంటుంది. మొన్న వానల మొదట్లో మా చిన్న మనవరాలు బెజవాడలో ఒక నవల కొనుక్కొచ్చి, చదవడం అయిపోగానే మంచం మీద పడేసి కాలేజీకి పోయింది. అట్ట మీద ఒక ఆడపిల్ల, దాని కాళ్ళ కింద మబ్బు. వాసన చూసి, వేలు కింద పెట్టుకుని నేనూ మొదలుపెట్టాను. అక్షరం అక్షరం కూడబలుక్కునే నాకు ఆ పుస్తకం వానలు పడినన్నాళ్ళూ సరిపోయింది.

కథేమిటంటే, కాలేజీ చదివే పిల్ల ఒకతె చచ్చిపోతుంది. పోయిన చోటు మోక్షమూ కాదు, నరకమూ కాదు, జగ్గయ్యపేట బస్టాండులాగా ఉంటుంది. బస్సులొస్తుంటాయి, పోతుంటాయి, ఆ పిల్ల మాత్రం బెంచీ మీంచి లేవదు. బతికుండగా తన స్నేహితురాలు ఏట్లో మునిగిపోయింది, అది తన వల్లే అని దాని నమ్మకం. అక్కడ ఎవరూ దాన్ని అడగరు, కొట్టరు, పట్టుకోరు. తనని తానే అక్కడ కూర్చోబెట్టుకుంది. మొదట్లో, రాసినవాళ్ళు అక్కడికి పోయి చూసొచ్చినట్టే రాశారే అని నవ్వుకున్నాను. ఆ బెంచీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది. పుస్తకం బోర్లించి వసారాలోకి వచ్చి కూర్చున్నాను. మా తమ్ముడు గుర్తొచ్చాడు.

మాది వీరులపాడు అవతల మెట్ట ఊరు. వాన పడితే నల్లరేగడి అరికాళ్ళకి అట్టలు కట్టి, ఇంటికొచ్చేసరికి పిల్లలందరం చెప్పులు తొడుక్కున్నట్టే కనపడేవాళ్ళం. ఎండాకాలం ఆ నేలే నోళ్ళు తెరిచి, కాలి బొటనవేలు ఇరుక్కునేంత నెర్రెలిచ్చేది. దసరా వెళ్ళాక మా ఊరు బాగుండేది. జొన్నచేలు పాలకంకులేసుకుని, కందిచెట్లకి పసుపు పూత పట్టి, మిరపతోటల్లో కలుపుకి పోయిన ఆడవాళ్ళ ఒళ్ళు పచ్చి ఆకు వాసన వేసేది. పొద్దున జొన్నసంకటిలో గోంగూర పచ్చడి, మజ్జిగ దొరికిన రోజు మజ్జిగ. మునేట్లో చేపలు పడినరోజు పేటంతా ఒకటే పులుసు వాసన, ఎవరింట్లో వండారో ముక్కుకి తెలియదు. మా నాయనమ్మ చుట్ట నోట్లో పెట్టుకునే మేకలు తోలేది, చుట్ట నోట్లో పెట్టుకునే జపమాల చెప్పేది. దేవుడికి పొగ పడదని ఎవరన్నా అంటే, "గుళ్ళో సాంబ్రాణి ఏపాటిది మరి?" అనేది.

మా గుడి అంటే మట్టిగోడలు, తాటాకు కప్పు. వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్కే గంట. ఫాదర్ గారు నెలకొకసారి మోటారు సైకిలు మీద వచ్చేవారు. మలయాళం యాసలో ఆయన మాట్లాడే తెలుగుని మేం వెనకాల అనుకరించి నవ్వుకునేవాళ్ళం. తక్కిన ఆదివారాలు ప్రార్థన నడిపేది ఉపదేశి చిన్నప్ప. ఆయన వారమంతా మాలాగే చేలో కూలి చేసి, ఆదివారం పొడుగు చొక్కా తొడిగితే ఉపదేశి అయ్యేవాడు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, పాట ఎత్తుకున్నాడంటే రోడ్డు మీద పోయే బళ్ళవాళ్ళు ఎద్దుల్ని ఆపి వినేవాళ్ళు.

మాకు ఆటంటే గుడి ఆటే. మిగతా పిల్లలు పెళ్ళిళ్ళు, అంగళ్ళు ఆడుకుంటే మేం వేపచెట్టు కింద పూజ చేసేవాళ్ళం. తుండుగుడ్డ భుజాల మీద కప్పుకుని నేనే ఫాదర్. ఆడపిల్లవి నువ్వెట్టా ఫాదరవుతావని మగపిల్లలు తగువు పెడితే, మంత్రాలు మీకొచ్చా అని అడిగి నోరు మూయించేదాన్ని. నాకు చదువు లేకపోయినా విన్నది విన్నట్టు పట్టుకునే చెవి ఉండేది. ఫాదర్ గారు అప్పం పెట్టినట్టే జొన్నరొట్టె ముక్కలు తుంచి పిల్లల నాలుక మీద పెట్టేదాన్ని. జొన్నబెండు బొమ్మలకి, మేకపిల్లలకి, ఒక కుక్కపిల్లకి జ్ఞానస్నానాలిచ్చాను. కొబ్బరిచిప్పతో నీళ్ళు ముంచి తల మీద పోసి, "పితాపుత్ర పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అని గొంతు లావు చేసి అంటుంటే, పెద్దవాళ్ళు దారిన పోతూ నవ్వేవాళ్ళు గానీ ఎవరూ తప్పు పట్టలేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు. జ్ఞానస్నానం అయితేనే పేరు. అంతవరకూ వాడు బుడ్డోడే. ఆ నెల ఫాదర్ గారు వచ్చినప్పుడే ఇప్పించేద్దామని నాన్న అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. బిడ్డ తరఫున మాటిచ్చే జ్ఞానతండ్రిగా తన అన్నే నిలబడాలని ఆమె పంతం. మా మేనమామ జగ్గయ్యపేట అవతల సున్నపురాయి క్వారీలో పని చేసేవాడు, ఆ ఆదివారానికి సెలవు దొరకలేదు. వచ్చే నెలకి వస్తాను, వెండి మొలతాడు తెస్తాను అని కబురు పెట్టాడు. వచ్చే నెల వచ్చేలోపే బుడ్డోడికి జ్వరం తగిలి, ప్రాణం మీదికొచ్చిందని పెద్దవాళ్ళకి తోచకముందే, ఒక మధ్యాహ్నం అమ్మ ఒళ్ళోనే పోయాడు.

జ్ఞానస్నానం కాని పసిబిడ్డల్ని అప్పట్లో మా ఊళ్ళో సమాధుల దొడ్లో పెట్టేవాళ్ళు కాదు. వాగు గట్టు మీద తుమ్మచెట్ల కింద పెట్టేవాళ్ళు. ఎవరు పెట్టిన ఆచారమో తెలియదు, అందరూ అలాగే చేశారు. ఉపదేశి చిన్నప్ప మాత్రం తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, పాట లేకుండా ఊరికే నిలబడ్డాడు. ఆ బిడ్డలు ఎక్కడికి పోతారంటే, వెలుగూ చీకటీ కాని ఒక చోట ఉండిపోతారని, తల్లిని గుర్తుపట్టరని, తల్లి పోయాక కూడా కలుసుకోరని ముసలమ్మలు చెప్పేవాళ్ళు. మా నాయనమ్మా చెప్పేది. బుడ్డోడు పుట్టిన కొత్తలో అమ్మని బెదిరించి తొందరపెట్టడానికి చెప్పిన మాట, వాడు పోయాక వెనక్కి తీసుకోలేకపోయింది.

అమ్మ అన్నం మానేసింది. పాలు గడ్డకట్టి నొప్పెడుతుంటే పక్కింటామె వచ్చి గుండెలకి పాతగుడ్డ బిగించి కట్టి పోయింది. అమ్మ గోడవైపు తిరిగి, "నా పంతమే వాణ్ణి అక్కడ పడేసింది" అనేది. ఏడ్చి అంటే వేరు, ఎండిన గొంతుతో అనేది.

ఆమెకి తెలియని సంగతి ఒకటుంది. వాడు జ్వరపడ్డ రోజున వాడి తల మీద నీళ్ళు పోసింది నేను. అమ్మా నాన్నా చేలో ఉన్నారు, నాయనమ్మ మేకల వెంట పోయింది, బుడ్డోడు వేపకొమ్మకి కట్టిన చీర ఉయ్యాలలో నా కాపలాలో ఉన్నాడు. ఆటలో పోసినట్టే కడవలో నీళ్ళు కొబ్బరిచిప్పతో పోశాను. సాయంత్రం పక్కింటామె వాడి తల నిమిరి, "జుట్టు తడిగా ఉందే, చల్లనీళ్ళు తగిలి పడిశం లోపలికి దిగినట్టుంది" అంది. ఆ మాటతో నా లెక్క ఖాయమైపోయింది: నీళ్ళు పోశాను, జ్వరం వచ్చింది, చచ్చిపోయాడు. చెబితే అమ్మ నన్ను చంపుతుందని భయం కాదు. చంపకుండా, నా వైపు కూడా గోడ వైపు చూసినట్టే చూస్తుందని భయం.

ఇంతలో సమాధుల పండగ వచ్చింది. వారం ముందునుంచే పేటంతా సున్నం వాసన. మొక్కలు పీకి, మట్టి ఎగదోసి, సమాధులకి తెలుపు వేసి, బంతిపూలు గంపలకెత్తుకొచ్చేవాళ్ళు. పండగ పొద్దున గారెలు, బెల్లం పరమాన్నం, ఉన్నవాళ్ళింట్లో కోడికూర. అందరూ కొవ్వొత్తులు తీసుకుని దొడ్లోకి పోతే, చిన్నప్ప ఒక్కో సమాధి దగ్గర నిలబడి పోయినవాళ్ళ పేరు తన పెద్ద గొంతుతో పిలిచేవాడు, ఫాదర్ గారు తీర్థజలం చల్లేవారు, ఇంటివాళ్ళు "శాంతి ఇవ్వు ప్రభువా" అనేవాళ్ళు. పేరు పిలవడమే ఆ పండగకి ప్రాణం. పైన ఉన్నవాళ్ళు తమ పేరు విని ఆ ఒక్క క్షణం ఇటు తిరుగుతారని మా నమ్మకం.

పండగ ముందురోజు మధ్యాహ్నం నాయనమ్మ పప్పు నానబోస్తూ, రేపు గుడికైనా రావే అని అమ్మని బతిమాలుతోంది.

"నేనెందుకత్తా? ఎవర్ని పిలిపించను? వాడికి పేరన్నా లేదు."

"ఉంది" అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. అప్పటికి నోరు జారిపోయింది, ఇక ఆపలేకపోయాను. "వాడి పేరు రాయప్ప. నేనే పెట్టా. నీళ్ళు పోసి పెట్టా. నా నీళ్ళకే వాడు చచ్చిపోయాడు" అని గడప మీద కూలబడ్డాను.

నాయనమ్మ చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది. అమ్మ లేచి వచ్చింది. కొడుతుందనుకుని తల వంచుకున్నాను. నా రెక్క పట్టుకుని, "మంత్రం చదివావా? మంత్రం చదివి పోశావా?" అని ఊపేసింది.

"చదివా."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ!" అంది నాయనమ్మ. "లెయ్. పదండి ఉపదేశి దగ్గరికి."

మేం పోయేసరికి చిన్నప్ప సమాధుల దొడ్లో వాళ్ళ నాన్న సమాధికి సున్నం కొడుతున్నాడు. మోచేతుల దాకా తెల్లగా ఉన్నాడు. నాయనమ్మ సంగతి చెప్పి నన్ను ముందుకి తోసింది.

"నీళ్ళు ఎక్కడ పోశావే?"

"తల మీద."

"కారినయ్యా, తడిచేసి వదిలేశావా?"

"మెడ దాకా కారినయ్ మామా. నేనే తుడిచా."

ఏమని పోశావంటే అప్పజెప్పాను. ఒక్క పలుకు పొల్లుపోలేదు. చిన్నప్ప కనుబొమలు పైకి పోయాయి.

"బాగానే పట్టావే. ఇంతకుముందు ఎవరికన్నా ఇచ్చావా?"

"కుక్కపిల్లకి."

"దానికేం పేరు పెట్టావు?"

నేను నేల చూపులు చూశాను. నాయనమ్మ చుట్ట తీసి, "నీ పేరేలే చిన్నప్పా. పేటంతా దాన్ని అట్టానే పిలుస్తుండారు, నీకొక్కడికే తెలవదు" అంది. ఆ ఏడుపుల మధ్యనే అమ్మ పెదాలు కొంచెం వంగాయి. బుడ్డోడు పోయాక అదే మొదలు.

చిన్నప్ప మాత్రం నవ్వలేదు. నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "కుక్కపిల్లకి ఆటకిచ్చావు. తమ్ముడిక్కూడా ఆటకేనా? ఆటకైతే అది చెల్లదు. అబద్ధం చెప్పబాక, మా నాన్న వింటుండాడు."

ఆటకే అంటే బుడ్డోడు మళ్ళీ పేరు లేకుండా ఆ చోటుకి పోతాడు, అమ్మ మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. నిజంగానే అంటే, కావాలనే తమ్ముడి మీద చల్లనీళ్ళు పోసినదాన్ని అవుతాను. ఎటు పోయినా నాకు దారి లేదు. ఏడుస్తూనే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"నిజంగానే పోశా. పొద్దున్నుంచీ వాడు మూలుగుతుండాడు. మేకపాలు పట్టినా తాగలా. ఒళ్ళు పెనంలా కాలతంది. నీళ్ళు పడకుండా పోతే అమ్మని గుర్తుపట్టరని నాయనమ్మ అంది. అమ్మేమో ఎక్కడో చేలో ఉంది. అందుకని ఆట ఆపించి, పిల్లల్ని అవతలికి పొమ్మని చెప్పి, పోశా."

"రాయప్పని ఎందుకు పెట్టావు?"

"గుళ్ళో పటంలో మోక్షం తాళాలు పట్టుకున్నాయన పేరని. ఆ పేరుంటే లోపలికి పోనిస్తారని."

చిన్నప్ప సున్నపు కుంచె కుండలో పడేశాడు. "ప్రాణం మీదికొచ్చినప్పుడు ఫాదరే రానక్కర్లా, ఎవరు పోసినా చెల్లుద్ది. నీది చెల్లింది" అన్నాడు. తర్వాత మెల్లిగా, "ఒళ్ళు కాలతందన్నావు. నువ్వు పోసేటప్పటికే కాలతందా?" అన్నాడు.

"ఆఁ."

"అయితే ముందొచ్చింది జ్వరమా, నీళ్ళా?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు. జ్వరం చూసి భయపడి నీళ్ళు పోసినదాన్ని, పక్కింటామె మాట వినగానే ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చేసుకున్నాను. అప్పుడు అమ్మ అంది, "ఆవేళ తెల్లారుజామున చేలోకి పోతూ పోతూ నేను ముద్దు పెట్టుకుంటే వాడి నుదురు వెచ్చగానే ఉంది. కప్పిన గుడ్డ వేడిమి అనుకున్నా" అని. అలా అని నన్ను దగ్గరికి లాక్కుని, చెమట వాసన వేసే కొంగుతో నా మొహం తుడిచింది. నాయనమ్మ అటు తిరిగి, మేకల్ని అదిలిస్తున్నట్టు గట్టిగా దగ్గింది. అక్కడ మేకలేమీ లేవు.

మర్నాడు దొడ్లో పేర్లన్నీ అయ్యాక చిన్నప్ప ఫాదర్ గారి చెవిలో ఏదో చెప్పాడు. ఫాదర్ గారు చుట్టూ చూసి, "ఎవరు ఇచ్చారు జ్ఞానస్నానం?" అన్నారు. అందరూ నన్ను చూపించారు. ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి, "ఓ, చిన్న ఫాదర్ గారా!" అని, తెల్లంగీ మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, బురద తొక్కుకుంటూ వాగు గట్టు మీదికి నడిచారు. పేటంతా ఆయన వెనక నడిచింది. తుమ్మచెట్టు కింద, ఇంకా తడి ఆరని ఆ చిన్న మట్టిదిబ్బ దగ్గర చిన్నప్ప ఛాతీ నిండా గాలి పీల్చి, "రాయప్పా!" అని పిలిచాడు. జొన్నచేలో పిట్టలు ఒక్కసారిగా లేచాయి. "శాంతి ఇవ్వు ప్రభువా" అని అందరికంటే ముందు అన్నది అమ్మ. ఇంటికొచ్చి పరమాన్నం తింది. మళ్ళీ పెట్టించుకుని తింది. నేను పక్కన కూర్చుని ఆమె గొంతులో ముద్ద దిగడం చూశాను. అంత తృప్తిగా మళ్ళీ ఏ పండగకీ ఏదీ చూడలేదు.

ఇక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. నీళ్ళకంటే జ్వరం ముందని బుర్రకి తెలిసింది గానీ చేతులకి తెలియలేదు. పెళ్ళయి నందిగామ వచ్చాక నాకు బిడ్డలు పుడితే వాళ్ళకి నీళ్ళు మా అత్త పోసింది. కూతురి బిడ్డలకి నీళ్ళు పోసే మనిషిని పెట్టించాను. నడుం నొప్పి అని చెప్పేదాన్ని. పొద్దస్తమానం వంగి కలుపు తీసినదానికి నడుం నొప్పేంటని ఎవరూ అడగలేదు. పసివాళ్ళని ఎత్తుకున్నాను, ఆడించాను, ముద్దలు పెట్టాను, తల మీద మాత్రం చుక్క నీరు పోయలేదు.

వాన వెలిశాక పుస్తకం పూర్తి చేశాను. చివర్లో ఆ బెంచీ మీద పిల్ల పక్కన ఎవరో ముసలాయన వచ్చి కూర్చుని, ఆ రోజు నీ చేతుల్లో ఏముందమ్మా అని అడుగుతాడు. ఏమీ లేదు, మునిగిపోతున్నదాన్ని లాగడానికి చాచాను అంటుంది. అంతే, లేచి బస్సెక్కుతుంది. ఇంత చిన్న మాటకి అంత లావు పుస్తకం రాయాలా అనిపించింది. ఆ వెంటనే, ఇంత చిన్న మాటకి నాకు అరవై ఏళ్ళు పట్టిందే అనిపించి నోరు మూసుకున్నాను.

పోయినవి చెప్పమంటే చాలా ఉన్నాయి. మట్టిగుడి పోయి స్లాబు వచ్చింది, మైకు వచ్చింది, పేర్లు మైకులో పిలుస్తున్నారు. జొన్న పోయి పత్తి వచ్చింది. చిన్నప్ప గొంతు పోయింది, గుడి ఆట పోయింది. వాగు గట్టు కోసుకుపోయి తుమ్మచెట్లు, వాటి కింద దిబ్బలు కూడా పోయాయి. వాటితో పాటు ఆ వెలుగూ చీకటీ కాని చోటు కూడా పోయింది. పసిబిడ్డలు నేరుగా దేవుడి ఒళ్ళోకే పోతారని ఇప్పటి ఫాదర్లు చెబుతున్నారు. అన్నీ పోయాయని ఏడ్చేవాళ్ళు ఏడవనీ, ఇది పోయినందుకు నేను మాత్రం ఏడవను.

నిన్న పొద్దున నీళ్ళు పోసే ఆమె రాలేదు. పురిటికొచ్చిన మా పెద్ద మనవరాలు బిడ్డనెత్తుకుని, బాత్రూములో ప్లాస్టిక్ టబ్బు పెట్టి, ఫోనులో ఎలా పోయాలో వెతుక్కుంటోంది.

"అది అవతల పెట్టి వాణ్ణి ఇటివ్వవే" అన్నాను.

"నీకు నడుం నొప్పి కదా అమ్మమ్మా?"

"తగ్గింది."

పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, వాణ్ణి నా కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి వీపు రుద్దాను. ఇప్పటి పిల్లలకి కాళ్ళ మీద వేసి నీళ్ళు పోయడం రాదు. మనవరాలు వంగి, "తల మీద మెల్లిగా" అని ఒకటే గోల. వాణ్ణి వెల్లకిలా తిప్పి, నుదుటి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి, గోరువెచ్చని నీళ్ళు తల మీద పోశాను. వాడు తుమ్మాడు. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. వాడు కళ్ళు తెరిచి నా మొహం వైపు చూసి, ఇంటి కప్పు ఎగిరిపోయేలా ఏడుపందుకున్నాడు.

ఇంకో చెంబు ముంచాను.